నాన్న స్టూడియో నెగటివ్‌లు: ఏ స్కానర్ కొనాలి?

దివిసీమ_వాడు · ఆదివారం ఉదయం 9:15

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు.

మా నాన్నగారికి అవనిగడ్డలో ఫొటో స్టూడియో ఉండేది. 1966లో పెట్టారు, 1998లో మూసేశారు. ఆయన పోయి ఆరేళ్లు. ఇప్పుడు ఇల్లు అమ్ముతున్నాం. అటక మీంచి రెండు ట్రంకు పెట్టెలు దింపితే నిండా నెగటివ్‌లు. బటర్ పేపర్ కవర్లలో పెట్టి, కవరు మీద ఎర్ర సిరాతో నంబరు వేశారు. లెక్కపెట్టలేదు గానీ రెండు వేలకి తగ్గవు. విజయవాడలో ఒక షాపులో అడిగితే నెగటివ్‌కి నలభై రూపాయలన్నారు. ఎనభై వేలు! ఆ డబ్బుతో స్కానర్ కొనుక్కుని ఇంట్లోనే చేసుకుంటే పోదా అనిపించింది. ఎప్సన్ వి600 చూశాను, 6400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అని రాసుంది. తీసుకోమంటారా?

పిక్సెల్_పరమానందం · ఆదివారం ఉదయం 9:52

తీసుకోండి, కానీ ఆ 6400 అంకెని నమ్మి కాదు. అది సెన్సరు లెక్క, లెన్సు లెక్క కాదు. వి600 నిజంగా విడదీసి చూపించేది పదిహేను, పదహారు వందల డీపీఐ. అంతకు పైన ఎంత పెట్టినా ఫైలు లావెక్కుతుంది తప్ప బొమ్మలో కొత్తగా ఏమీ కనిపించదు. 35 ఎంఎం ఫ్రేముని 6400లో 48 బిట్ టిఫ్‌గా తీస్తే ఒక్కొక్కటి 330 ఎంబీ. రెండు వేల నెగటివ్‌లకి ఏ హార్డ్ డిస్కూ ఓర్చుకోదు.

2400లో స్కాన్ చేసుకోండి. 35 ఎంఎంకి అది తక్కువేననిపిస్తుంది, కానీ ఆల్బమ్ సైజు ప్రింటుకి సరిపోతుంది. అదే 120 రీలు (ఆరు సెంటీమీటర్ల వెడల్పు ఫిల్ము) అయితే, 6×6 ఫ్రేములో నిజంగా దక్కే వివరంతోనే పన్నెండు అంగుళాల ప్రింటు దర్జాగా వస్తుంది. స్టూడియో కాబట్టి మీవి ఎక్కువ 120వే అయ్యుంటాయి.

హైపో_బాబాయ్ · ఆదివారం ఉదయం 10:30

ఆయ్, స్కానర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడు ప్రశ్నలకి జవాబు చెప్పండి.

ఒకటి, స్కేలు పెట్టి కొలవండి, ఎన్ని సైజులున్నాయో. రెండు, పెట్టె మూత తీయగానే ఏం వాసన వచ్చింది? మూడు, ఒక్కటి కూడా తుడవలేదు కదా?

నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్లు డార్క్‌రూమ్‌లో పనిచేశానండి. ఇలా పెట్టెలు దొరికిన వాళ్లు మొదటి వారంలోనే సగం పాడుచేసుకుంటారు. అందుకే అడిగాను.

దివిసీమ_వాడు · ఆదివారం మధ్యాహ్నం 1:05

బాబాయ్ గారూ, కొలిచాను. చాలామటుకు 6×6, చదరం. కొన్ని పొడుగ్గా 6×9. ఆఖరి పదేళ్లవి 35 ఎంఎం, ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి ఉన్నాయి, అవి రంగువి. అన్నిటికన్నా పాతవి విడివిడి షీట్లు, 8.3 సెంటీమీటర్లు, 10.8 సెంటీమీటర్లు. ఇవి మూడు వందలు ఉంటాయి.

ఒక పెట్టె మామూలుగానే ఉంది. రెండోదాంట్లో అడుగున వెనిగర్ వాసన గుప్పుమంటోంది. అందులోనే ఒక కట్ట అట్టలా బిగుసుకుపోయి ఉంది. 77 ఉప్పెనలో స్టూడియోలోకి నీళ్లొచ్చాయి, అప్పుడు తడిసినవి అవేనని అమ్మ చెప్పింది.

మూడో ప్రశ్నకి సాయంత్రం జవాబిస్తా.

హైపో_బాబాయ్ · ఆదివారం మధ్యాహ్నం 1:20

మూడో ప్రశ్నకి జవాబు వచ్చేసిందండి.

ఆ షీట్లు క్వార్టర్ ప్లేట్లు, మూడుంపావు బై నాలుగుంపావు అంగుళాలు. మీ నాన్నగారు స్టాండు కెమెరా మీద పాస్‌పోర్టు, పెళ్లి జంటలు వాటితోనే తీసుంటారు. వెనిగర్ వాసన కొడుతున్నవాటిని ఈ పూటే వేరే గదిలో పెట్టండి. ఫిల్ము కింద ఉండే అసిటేటు అనే ప్లాస్టిక్ కుళ్లడం మొదలైందన్నమాట. ఆ ఆవిరి పక్కవాటికీ అంటుకుంటుంది, ఒక కుళ్లిన ఉల్లిపాయ బస్తాని పాడుచేసినట్టు. ప్లాస్టిక్ డబ్బాలో బిగించి మూతపెట్టకండి, గాలి ఆడాలి. స్కానింగులో మొదటి వరస వాటిదే. మిగతావి ఇరవై ఏళ్లు ఆగినా ఆగుతాయి, అవి ఆగవు.

సికింద్రాబాద్_క్లిక్ · ఆదివారం మధ్యాహ్నం 2:10

అన్నా, గట్లయితే వి600 కొనకు. దాని మూతలో ఉన్న లైటు సన్నగా ఓ పట్టీలెక్క ఉంటది, 120 వరకే. క్వార్టర్ ప్లేటు పెడితే అంచులు చీకట్లోనే ఉంటయ్. అడ్డంగ రెండుసార్లు స్కాన్ చేసి అతికించుకోవాలె. మూడు వందలు గట్ల అతికిస్తవా? ఎప్సన్‌దే వి850 అయితే పడ్తది గని దాని ధర చూస్తే కండ్లు తిరుగుతయ్.

నేనైతే కెమెరాతోని చేస్తున్న. ఇంట్ల డీఎస్ఎల్ఆర్ ఉన్నదా? దగ్గరివి పెద్దగ తీసే మాక్రో లెన్సు ఒకటి, కింద మంచి ఎల్ఈడీ లైటు ప్యానెల్, కెమెరా నిటారుగ కిందికి చూసేటట్టు ఒక స్టాండు. గంతే. ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రా ఫైలు. ఒక్క ఫొటో తీసుడు రెండు సెకన్లు. మా తాతది ఊటీ ఇందు ఫిల్ముల కట్ట ఒక్క ఆదివారం పొద్దుగాల అయిపోయింది. స్కానర్ అయితే ఆ పనికి పదిహేను రోజులు.

పిక్సెల్_పరమానందం · ఆదివారం మధ్యాహ్నం 2:45

మాక్రో లెన్సు, ప్యానెల్, స్టాండు అన్నీ కలిపితే స్కానర్ ధర దాటిపోతుంది. కెమెరా ఏ మాత్రం వంకరగా ఉన్నా ఒక మూల మసక. ప్యానెల్ చవకదైతే రంగు నెగటివ్‌లు పచ్చగానో గులాబీగానో వస్తాయి, రంగులు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె 95 పైన ఉన్నదే కొనాలి. పైగా 24 మెగాపిక్సెల్ కెమెరాలో క్వార్టర్ ప్లేటు మొత్తం పట్టాలంటే దక్కేది పన్నెండు వందల డీపీఐ. స్కానర్ కన్నా తక్కువే కదా?

సికింద్రాబాద్_క్లిక్ · ఆదివారం మధ్యాహ్నం 3:00

తక్కువే. కాని గంత పెద్ద నెగటివ్‌కి పన్నెండు వందలంటే పదమూడు బై పదిహేడు అంగుళాల ప్రింటు. ఎవరింట్ల ఉన్నది గంత గోడ?

వంకర సంగతికి చిట్కా చెప్త. ప్యానెల్ మీద చిన్న అద్దం పెట్టు. కెమెరాల చూస్తే లెన్సు తన మొహం తానే చూసుకుంటది. లెన్సు బొమ్మ సరిగ్గ నడుమ పడేదాంక స్టాండు జరుపు. పడ్డదంటే తిన్నగ ఉన్నట్టే. తర్వాత అద్దం తీసెయ్.

డల్లాస్_పిన్ని · ఆదివారం సాయంత్రం 6:40

మీ ఇద్దరూ కొట్టుకోవడం అయ్యాక నేనొక మాట చెప్పొచ్చా? దివిసీమ బాబూ, ఆ రంగు 35 ఎంఎం ముక్కల సంగతి వేరు. నేను మా పెళ్లి, పిల్లల బారసాల రీళ్లు ప్లస్టెక్ 8200ఐ స్కానర్‌తో చేశాను. పెట్టె మీద 7200 అని ఉంటుంది, నిజానికి మూడు వేల పైచిలుకు. 35 ఎంఎంకి అది బ్రహ్మాండం, కానీ దాంట్లో 35 ఎంఎం తప్ప ఇంకేదీ పట్టదు. దుమ్ము పోగొట్టడానికి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దారి ఉంది, రంగు నెగటివ్ మీద మాయ చేసినట్టే పనిచేస్తుంది.

నలుపు తెలుపు వాటికి మాత్రం ఆ మీట నొక్కకండి. ఆ ఫిల్ములో బొమ్మంతా వెండే కదా, ఇన్‌ఫ్రారెడ్ కూడా దాన్ని దాటదు. యంత్రం బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. మా నాన్నగారి కళ్లజోడు అలాగే కరిగిపోయింది.

ఇంకో సంగతి, ఇది నా ఖర్మ. నాలుగు వందల ఫ్రేములు తిరగేసి స్కాన్ చేశాను. చూస్తే ఏమీ తేడా లేదు. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి, "మనింట్లో కుడి పైట ఎవరే?" అంది. అప్పుడు తెలిసింది. నెగటివ్‌కి ఒక వైపు నిగనిగ, ఒక వైపు మెరుపు లేని మందు పూత. అది గుర్తుపట్టడం కష్టమైతే పైట చూసుకోండి, ఎడమ భుజం మీద ఉండాలి. మగవాళ్లకి చొక్కా బొత్తాలు.

హైపో_బాబాయ్ · ఆదివారం సాయంత్రం 7:15

పైట చిట్కా ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు తట్టలేదండి పిన్ని గారూ.

దివిసీమ బాబూ, సాయంత్రం అయ్యింది. ఏం తుడిచావు?

దివిసీమ_వాడు · ఆదివారం రాత్రి 9:30

అమ్మానాన్నల పెళ్లి ఫొటో నెగటివ్. 1968ది. అన్నిటికన్నా ముందు దాంతోనే మొదలుపెడదామనుకున్నా. క్వార్టర్ ప్లేటు. వెలుగుకి పట్టి చూస్తే అమ్మ బుగ్గల మీద, నుదుటి మీద సన్నటి బూడిద రంగు చుక్కలు, గీతలు. బూజనుకున్నాను. యూట్యూబ్‌లో చూసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తెప్పించి మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడిచాను. చుక్కలు వెంటనే పోయాయి. ఎంత శుభ్రంగా వచ్చిందో అని మురిసిపోయా.

తర్వాత ఫోను తెల్ల స్క్రీను పైన పట్టి ఇంకో ఫోనుతో తీసి రంగు తిరగేశాను. అమ్మ మొహం నిండా గుంటలు.

మా హాల్లో గోడ మీద యాభై ఏళ్లుగా అదే ఫొటో వేలాడుతోంది. అందులో బుగ్గలు నున్నగా ఉంటాయి. బాబాయ్ గారూ, నేను చేసిందేంటో నాకు అర్థమవుతోంది. మీరే చెప్పండి.

హైపో_బాబాయ్ · ఆదివారం రాత్రి 10:10

అది బూజు కాదు. టచింగు.

చెప్తాను వినండి. అప్పట్లో మొహం మీద మచ్చ ఉంటే కాగితం మీద దిద్దేవాళ్లం కాదు, ఎన్ని కాపీలని దిద్దుతాం? నెగటివ్ మీదే దిద్దేవాళ్లం. గుంటలో నీడ పడితే నెగటివ్ మీద అక్కడ ఫిల్ము పలచగా ఉంటుంది, ప్రింటులో నల్లగా వస్తుంది. ఆ పలచటి చోట పెన్సిలుతో నింపితే వెలుగు ఆగుతుంది, ప్రింటులో తెల్లబడుతుంది. ముందు ఆ భాగానికి ఒక చుక్క టచింగు మందు రాస్తాం, లేకపోతే పెన్సిలు పట్టదు. పెన్సిలు ముల్లు అంగుళం పొడుగు తీసి, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, డెస్కు కింద అద్దం పెట్టి పైకి వచ్చే వెలుగులో గీయాలి. కామాలు పెట్టినట్టు, ఒకదానికొకటి తగలకుండా. నొక్కితే ప్రింటులో తెల్ల మచ్చ. తేలిక చెయ్యి ఉండాలి. బుగ్గ ఒక్కటే ఒక సాయంత్రం పట్టేది.

మీ అమ్మగారికి చిన్నప్పుడు పెద్ద అమ్మవారు పోసి ఉంటుంది. ఆ మందు ఆల్కహాలుకి కరిగిపోతుంది, దాంతో పాటు పెన్సిలూ గుడ్డకి వచ్చేస్తుందండి. దాని కింద ఉన్న ఫిల్ముకి ఏమీ కాలేదు, ఆ మాటకి ధైర్యంగా ఉండండి.

దివిసీమ_వాడు · సోమవారం ఉదయం 7:40

రాత్రి అమ్మకి చూపించాను. దాచాలనే అనుకున్నా, కానీ ఎలాగూ ప్రింటు చూస్తుంది కదా.

ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అంది, "మీ నాన్న పెళ్లయిన నెలకి కిరసనాయిలు దీపం పెట్టుకుని మూడు రాత్రులు గీశారు. కరెంటు ఉండేది కాదు. నేను వద్దన్నా, ఉన్నది ఉన్నట్టు ఉండనీయండి అన్నా. మా అమ్మ చూస్తుంది, బాగుండాలి అన్నారు. నువ్వు ఒక్క పూటలో తుడిచావుట్రా?"

కోప్పడలేదు. కాఫీ పెట్టడానికి వెళ్లిపోయింది. అంతకంటే అడగలేకపోయా.

సికింద్రాబాద్_క్లిక్ · సోమవారం ఉదయం 8:05

అన్నా, పోయిన దానికి ఏం చెయ్యలేం. గోడ మీది ప్రింటుని స్కాన్ చేసి రెండూ పక్కపక్కన పెట్టుకో. మిగిలిన షీట్లకి మాత్రం ముందు ఒక పని చెయ్. లైటు కిందినుంచి కాకుండ పక్కనుంచి, ఏటవాలుగ, బల్లకి ఆనుకునేటట్టు పెట్టి మెరుపు లేని దిక్కు ఒక ఫొటో తియ్. పెన్సిలు గీతలు మెరుస్తయ్. నెగటివ్ బొమ్మ ఒకటి, నాయిన చేతి పని బొమ్మ ఒకటి. రెండు ఫైళ్లు, ఒక్కటే నంబరు.

దుమ్ముకి గాలి బంతి ఒక్కటే. మస్తు దుమ్ముంటే మెత్తటి బ్రష్. గుడ్డ ముట్టొద్దు.

హైపో_బాబాయ్ · సోమవారం ఉదయం 8:30

సికింద్రాబాద్ తమ్ముడు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నిజం బూజు ఉన్నవాటిని నీళ్లతో కడగాలని ఎవరైనా చెప్తే వినకండి. ఫిల్ము మీద బొమ్మని పట్టి ఉంచేది జిగురు, బూజు తిన్నాక అది నీళ్లు తగలగానే కరిగి జారిపోతుంది, బొమ్మతో సహా. మన కోస్తాలో ఉప్పుగాలికి, ముసురుకి బూజు పట్టని పెట్టె లేదు. వెలుగుకి పట్టినప్పుడు సాలెగూడులా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తే బూజు. మొహం మీద మాత్రమే, వరసగా, ఒకే వాటంలో కనిపిస్తే మనిషి చెయ్యి. బూజుకి మొహమనీ గోడనీ తేడా ఉండదు కదండీ.

అంచుల్లో నీలంగా అద్దంలా మెరుస్తుంటే అది వెండి పైకి తేలడం. దాన్ని కూడా రుద్దకండి.

పిక్సెల్_పరమానందం · సోమవారం ఉదయం 11:20

నిన్న వి600 అన్నది నేనే, వెనక్కి తీసుకుంటున్నాను. మీకున్న సైజులకి కెమెరా దారే నయం. రంగు ముక్కలు మాత్రం ఎవరి దగ్గరైనా ప్లస్టెక్ ఒక నెల అద్దెకి తీసుకుని చెయ్యండి. వాటి నారింజ రంగు చూసి కంగారుపడొద్దు, ఫిల్ములోనే ఉండే ముసుగు అది. ఫొటోలు దిద్దే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో నెగాడాక్టర్ అని ఉంటుంది, ఉచితం. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఉన్న ఖాళీ ఫిల్ముని చూపిస్తే ఆ రంగు తీసేస్తుంది. అందుకే కెమెరాతో తీసేటప్పుడు ఫ్రేము అంచు దాకా కత్తిరించకుండా కొంచెం ఖాళీ ఫిల్ము కూడా పడనివ్వాలి.

ఫైళ్లకి మీ సొంత పేర్లు పెట్టొద్దు. నాన్నగారి కవరు నంబరే ఫైలు పేరు. రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. ఉప్పెన చూసిన పెట్టెకి ఈ మాట నేను చెప్పక్కర్లేదు.

మోడరేటర్ · సోమవారం మధ్యాహ్నం 12:00

ఒక చిన్న మనవి. స్టూడియో నెగటివ్‌లలో ఉన్నవాళ్లు వేరే ఇళ్ల మనుషులు. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లిచూపుల ఫొటోలు ఉంటాయి. అడగకుండా ఇక్కడ పెట్టకండి. ఇంటివాళ్లవి పెట్టుకోవచ్చు.

రేగుపండు · సోమవారం రాత్రి 8:50

నమస్తే అన్నయ్యా. ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని తటపటాయించి రాస్తున్నా. మాది నాగాయలంక దగ్గర. మా అమ్మానాన్నలది 74 మాఘమాసం పెళ్లి, ఫొటోలు అవనిగడ్డ స్టూడియో ఆయన వచ్చి తీశాడని అమ్మమ్మ చెప్పేది. ఉన్న ఒక్క ఆల్బమ్ ఉప్పెనలో ఇంటితో పాటు పోయింది. అమ్మ పెళ్లికూతురుగా ఎలా ఉందో నేను చూడలేదు. మీ పెట్టెలో ఉంటుందా? పేర్లు మెసేజ్‌లో పంపాను. లేకపోయినా పర్లేదు.

దివిసీమ_వాడు · సోమవారం రాత్రి 9:10

చూస్తానమ్మా. కవర్ల మీద నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. నాన్న ఒక రిజిస్టరు రాసేవారు, ఆ పుస్తకం ఎక్కడుందో అమ్మని అడగాలి.

దివిసీమ_వాడు · బుధవారం సాయంత్రం 5:25

రిజిస్టరు దొరికింది. బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద. 74 ఫిబ్రవరి పేజీలో ఉంది: నంబరు 1187, మీ నాన్నగారి పేరు, ఊరు, "రీళ్లు 2, కార్డు సైజు 24, ఆల్బమ్ 1, బాకీ 11 రూ." బాకీ ఎదురుగా టిక్కు లేదు.

1187 కవరు కోసం రెండు పెట్టెలూ వెతికాను. 1171 దాకా మొదటి పెట్టెలో ఉన్నాయి. 1203 నుంచి మళ్లీ ఉన్నాయి. మధ్యలోవి ఆ తడిసి బిగిసిన కట్ట. పైన కవరు మీద సిరా చెదిరిపోయింది గానీ 118 వరకు చదవడానికి వస్తోంది.

బాబాయ్ గారూ, విడదీయొచ్చా?

హైపో_బాబాయ్ · బుధవారం సాయంత్రం 6:00

ఆగండి. పొడిగా ఉన్నప్పుడు లాగితే ఒక నెగటివ్ మీది బొమ్మ ఇంకోదాని వీపుకి అంటుకుని వచ్చేస్తుంది. రెండూ పోతాయి. చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి విడదీసే పద్ధతి ఉంది, నేనూ చేశాను. కానీ ఆ కట్టలో బూజు కూడా ఉంటే నీళ్లే శత్రువు. ఉందో లేదో బయటినుంచి తెలియదు. ఎవరికీ సంబంధం లేని, వెలుగు తగిలి పాడైపోయిన నెగటివ్ ఏదైనా ఆ కట్ట చివర ఉంటే దాని మూల ఒక్కటి తడిపి చూడండి. జిగురు లేచిందా, ఇక ముట్టకండి. పురాతన ఫొటోలు బాగుచేసే పరిరక్షణ నిపుణుడికి ఇవ్వండి. వారసత్వ సంపదని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ల దగ్గర అలాంటివాళ్లు ఉంటారు.

ఈలోగా సిలికా జెల్ పొట్లాలు వేసి, ఎండ తగలని చోట పెట్టండి. ఫ్రిజ్‌లో ఇప్పుడే వద్దు.

రేగుపండు · బుధవారం సాయంత్రం 6:35

అన్నయ్యా, మీ అమ్మగారి ఫొటోకి జరిగింది చదివాక తొందరపెట్టే ధైర్యం నాకు లేదు. కట్ట అలాగే ఉంచండి. ఎన్నాళ్లైనా సరే.

ఆ బాకీ మాత్రం ఎక్కడికి పంపాలో చెప్పండి.

దివిసీమ_వాడు · బుధవారం రాత్రి 10:15

బాకీ సంగతి అమ్మతో మాట్లాడుకోండి, రిజిస్టరు ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది, ఇవ్వనంటోంది. పేజీలు తిప్పుతూ ఎవరు ఏ చీర కట్టుకుని వచ్చారో చెప్తోంది.

కట్టని ముట్టలేదు. సిలికా జెల్ వేశాను. ఊరికే పక్కనుంచి టార్చి వేసి చూశా, సికింద్రాబాద్ అన్న చెప్పినట్టు ఏటవాలుగా. అన్నిటికన్నా పైన ఉన్నదాని కవరు ఒక మూల చిరిగి ఫిల్ము బయటపడింది. గోరంత కనిపిస్తోంది. పందిరి గుంజ ఒకటి, దానికి కట్టిన మామిడాకులు, కింద ఎవరిదో చెయ్యి. గాజులున్నాయి.